‘ఇంజన్ పని’ని విప్పి చూపించే షాపు: ఎనుమాముల దారిలో ఒక బైకు ఉస్తాద్

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో మోటారు సైకిళ్లు బాగు చేసే షాపులకు కొదవ లేదు. బండిలో ఏం చెడిందో, దానికి ఏం చేశారో, చేసినదానికి ఏ లెక్కన డబ్బు తీసుకున్నారో యజమానికి తెలిసేలా చెప్పే షాపులకు మాత్రం కరువే. ములుగు రోడ్డు నుంచి ఎనుమాముల మార్కెట్ వైపు మళ్లే దారిలో, బోర్డు కూడా లేని ఒక రేకుల షెడ్డులో నడిచే షాపు ఆ అరుదైన కోవకు చెందినది. అక్కడ పనిచేసే పెద్దాయనను చుట్టుపక్కల అందరూ ‘ఉస్తాద్’ అనే పిలుస్తారు కాబట్టి ఈ సమీక్షలోనూ ఆయన ఉస్తాదే. నా పాత బండికి ఆయన చేసిన పని ఎలా ఉందో చెప్పడం ఒక ఎత్తయితే, ఆ పనిని ఆయన నాకు అర్థం చేయించిన తీరు చెప్పడం మరో ఎత్తు. నాకు రెండోదే ఎక్కువ విలువైనదిగా తోచింది.

నాది వంద సీసీ తరగతికి చెందిన, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) ఉన్న బండి. నంబరు ప్లేటు మీద ఇంకా ‘ఏపీ 36’ అనే ఉంటుంది. అంటే తెలంగాణ ఏర్పడి వరంగల్‌కు ‘టీఎస్ 03’ రాకముందు, 2024లో ‘టీఎస్’ పోయి ‘టీజీ’ రాకముందు, ఉమ్మడి జిల్లా మొత్తానికి ఒకే నంబరు నడిచిన కాలం నాటిదన్నమాట. పదిహేనేళ్లు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి గనుక, తనిఖీకి తీసుకెళ్లేలోగా పొగ సంగతి తేల్చుకోవలసి వచ్చింది. కొంతకాలంగా బండి ఎత్తు ఎక్కేటప్పుడు గుంజడం మానేసింది. రేసు ఇచ్చినప్పుడల్లా వెనక నీలం ఛాయ ఉన్న పొగ వదులుతోంది. ఇంజన్ ఆయిల్ మార్చిన కొన్నాళ్లకే కొలకడ్డీ మీద ఆయిల్ మట్టం గీత కిందికి దిగిపోతోంది. ముందుగా చూపించిన మరొక చోట రెండుసార్లు కిక్కు కొట్టి, సైలెన్సర్ దగ్గర అరచేయి పెట్టి చూసి, ‘ఇంజన్ పని ఉన్నది సార్’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎంతవుతుందని అడిగితే ఒక అంకె చెప్పారు. ఆ అంకెలో ఏమేం ఉంటాయని అడిగితే ‘మొత్తం అండ్లనే వస్తది’ అన్నారు.

ఈ ‘ఇంజన్ పని’ అన్న మాట ఎంత దూరం సాగుతుందో తెలియనివారు తేలిగ్గా నష్టపోతారు. టాపెట్ల (వాల్వులను నొక్కి తెరిచే మీటల) సందు సరిచేయడం దగ్గర నుంచి క్రాంకు (పిస్టన్ కదలికతో తిరిగే ఇరుసు) బయటికి తీసి బేరింగులు మార్చడం దాకా అన్నీ ఆ రెండు మాటల్లోనే ఇమిడిపోతాయి. కాస్త వివరంగా చెప్పే మెకానిక్కులు దాన్ని ‘హాఫ్ ఇంజన్’, ‘ఫుల్ ఇంజన్’ అని విడదీస్తారు. హెడ్డు, సిలిండర్ బ్లాకు, పిస్టన్, రింగులు, వాల్వులు మొదలైన పై భాగం పని హాఫ్ ఇంజన్. ఇలాంటి చిన్న బండ్లలో ఇంజన్‌ను ఛాసిస్ నుంచి దించకుండానే దాన్ని చేయవచ్చు. ఇంజన్‌ను కిందికి దించి, కేసును రెండుగా విడదీసి, క్రాంకు, దాన్ని పిస్టన్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్డు, గేరుబాక్సు బేరింగులు, ఆయిల్ సీళ్లు అన్నీ చూసేది ఫుల్ ఇంజన్. రెండింటి ఖర్చుకూ పొంతన ఉండదు. హాఫ్ చేసి ఫుల్ అని రాసినా, ఫుల్ చేయవలసినచోట హాఫ్‌తో సరిపెట్టినా, బోల్టులు బిగించాక బయటి నుంచి చూసి పట్టుకోవడం యజమాని వల్ల అయ్యే పని కాదు. మెకానిక్ మంచివాడా కాదా అన్న ప్రశ్న సగం ఇక్కడే తేలిపోతుందని నా అభిప్రాయం.

ఉస్తాద్ బండి చూడగానే పానా పట్టుకోరు. నేను ‘పికప్ లేదు’ అని మొదలుపెట్టగానే ఆపి, ‘రేసు పెరుగుతున్నది గని బండి ఉరుకుతలేదా సారూ, లేకుంటే రేసే పెరుగుతలేదా?’ అని అడిగారు. చిన్న ప్రశ్నే గాని, దాని మీదే రోగ నిర్ణయమంతా ఆధారపడి ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ మోత పెరిగి బండి మాత్రం ముందుకు పోకపోతే క్లచ్ ప్లేట్లు అరిగి జారుతున్నాయని అర్థం. ఇంజన్‌కు ఆ దోషంతో సంబంధం లేదు. ఇంజన్ మోతే పెరగకపోతే పెట్రోలు అందడం లేదో, ప్లగ్గులో నిప్పురవ్వ సరిగా రావడం లేదో, కంప్రెషన్ (సిలిండరులో పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే ఒత్తిడి) తగ్గిందో చూడాలి. ఈ రెండూ కాకుండా బ్రేకు షూ డ్రమ్మును ఒరుసుకుంటూ బండిని పట్టి ఉంచే సందర్భాలు కూడా ఉంటాయి, దానికి సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే చాలు. వచ్చినవారందరూ ఈ మూడింటికీ ‘పికప్ లేదు’ అనే ఒక్క మాటే వాడతారనీ, ఆ మాట పట్టుకొని ఇంజన్ విప్పితే అవసరం లేని పని మీద పడుతుందనీ ఆయన వాదన.

‘మిస్ కొడుతున్నది’ అన్న మాట మీద కూడా ఆయనకు ఇలాంటి పట్టింపే ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, వాన పడ్డ మర్నాడా అన్నది చెబితే గాని ఆయన ముందుకు సాగరు. తడిసినప్పుడు మాత్రమే మిస్ కొడితే ప్లగ్గు క్యాపు, హైటెన్షన్ వైరు దగ్గర వెతకాలి. వేడెక్కాక కొడితే ప్లగ్గుకు కరెంటు పంపే కాయిల్‌ను అనుమానించాలి. వేగం పెంచినప్పుడు కొడితే కార్బురేటర్ జెట్టులో చెత్త చేరిందేమో చూడాలి. కార్బురేటర్ నుంచి పెట్రోలు కిందికి కారడాన్ని మన మెకానిక్కులు ‘ఓవర్ అవుతున్నది’ అంటారు. అది చాలావరకు ఫ్లోటు (పెట్రోలు మట్టాన్ని కాచే తేలే బుడ్డి) దగ్గరి సూది అరగడం వల్ల వచ్చే లోపమే గాని, కొత్త కార్బురేటర్ కొనవలసినంత పెద్దది కాదు. ఇంకొక కస్టమరుకు ఆయన ఈ సంగతే చెప్పి, సూది ఒక్కటే మార్చి పంపడం నేను పక్కనే కూర్చుని చూశాను.

నా బండికి ఆయన కంప్రెషన్ గేజీ పెట్టారు. ఇంజన్ వేడిగా ఉండగానే ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో గేజీ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకొమ్మని నాకు చెప్పి, ముల్లు ఇక పెరగదనుకునేదాకా కిక్కు కొట్టారు. ఆ అంకెను గోడ మీద సుద్దతో రాశారు. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టారు. ముల్లు ఈసారి బాగా పైకి వెళ్లింది. ఆయిల్ పోస్తే కంప్రెషన్ పెరిగిందంటే రింగులకూ బోరుకూ (సిలిండరు లోపలి గోడకూ) మధ్య సందు పెరిగిందని అర్థం, ఎందుకంటే ఆయిల్ ఆ సందును తాత్కాలికంగా మూసింది. పెరగకపోతే లోపం వాల్వుల దగ్గర ఉన్నట్టు. పొగ తీరును కూడా ఆయన ఇలాగే విడదీసి చెప్పారు. చాలాసేపు యాక్సిలరేటర్ వదిలి దిగువకు జారి, మళ్లీ రేసు ఇచ్చినప్పుడు ఒక్కసారి గుప్పున వచ్చి తగ్గిపోయే పొగకు వాల్వ్ సీళ్లు కారణం కావచ్చు, బరువు గుంజేటప్పుడు ఆగకుండా వచ్చే పొగకు రింగులే కారణం. నల్లపొగ అసలు ఆయిల్‌కు సంబంధించినదే కాదు, పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైనప్పుడు వచ్చేది. ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేస్తే కూడా పోవచ్చు. చలికాలం పొద్దున కాసేపు కనిపించి మాయమయ్యే తెల్లటిది ఆవిరే గనుక దానికి భయపడనక్కరలేదు.

హెడ్డు విప్పాక చేసిన పరీక్ష ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. బ్లాకు బయటికి వచ్చిన తర్వాత పిస్టన్ కనెక్టింగ్ రాడ్డు కొనకు వేలాడుతూ ఉంటుంది. ఉస్తాద్ పిస్టన్‌ను తీసివేసి, క్రాంకును తిప్పి రాడ్డును అన్నింటికన్నా పై స్థానానికి తెచ్చి, రాడ్డు మెడను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకొని నిలువుగా పైకీ కిందికీ లాగారు. తర్వాత నా చేతికి ఇచ్చి నన్నూ లాగి చూడమన్నారు. ‘పక్కకు జర ఆడాలె, అది మంచిదే. నిలువుగ మాత్రం అస్సల ఆడొద్దు. ఆడిందంటే రాడ్డు బేరింగు పోయినట్టే, ఫుల్ ఇంజనే’ అన్నారు. పక్కకు స్వల్పంగా కదిలింది, నిలువుగా కదలలేదు. మొదటి షాపువారు చెప్పిన అంకెకూ చివరికి నేను చెల్లించినదానికీ మధ్య తేడా అంతా ఆ వేళ్ల మధ్యనే తేలింది. నా బండికి కావలసింది హాఫ్ ఇంజనే. ఈ పరీక్షకు ఖరీదైన యంత్రం ఏదీ అక్కరలేదు. పాత బండి ఉన్న ప్రతివారూ హెడ్డు విప్పిన సమయంలో షాపులో ఉండి, రాడ్డును తమ చేత్తో ఆడించి చూడాలని అడిగితే బాగుంటుంది. అడిగినప్పుడు మెకానిక్ ముఖం ఎలా మారుతుందో చూసినా కొంత తెలుస్తుంది.

బోరు కొలత కూడా నా ఎదుటే జరిగింది. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే 97.2 సీసీ ఇంజన్లలో బోరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 49.5 మిల్లీమీటర్లు. బోరును పైన, మధ్యలో, కింద మూడు చోట్లా, ప్రతిచోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవాలి. పిస్టన్ నడిచే తీరును బట్టి సిలిండరు అన్ని వైపులా ఒకేలా అరగదు. కొంత కోలగా, కొంత పైకి వెడల్పుగా తయారవుతుంది. అలా అరిగిన సిలిండరులో కొత్త రింగులు మాత్రమే వేసి పంపడం మన దగ్గర చాలాచోట్ల జరిగే పని. కొన్నాళ్లు పొగ ఆగుతుంది, ఆ తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది. కొలతలో తేడా హద్దు దాటితే బోరు కొట్టించవలసిందే, అంటే సిలిండరు లోపలి గోడను కొద్దిగా కోయించి వెడల్పు చేయించి, దానికి తగిన పెద్ద పిస్టన్ వేయించాలి. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు చొప్పున నాలుగు అంచెలుగా దొరుకుతాయి. మొదటిసారి 0.25తో సరిపోయే బ్లాకును తొందరపడి 0.50కి కొట్టిస్తే ముందు ముందు మిగిలిన ఒక అవకాశాన్ని పోగొట్టుకున్నట్టే. ఆఖరి అంచె కూడా అయిపోతే లోపల కొత్త గొట్టం (స్లీవ్) వేయించడమో కొత్త బ్లాకు కొనడమో తప్ప దారి ఉండదు. నా బండికి అంతకుముందు బోరు కొట్టించలేదు గనుక 0.25 సరిపోయింది.

బోరు కొట్టే లేత్ పని ఈ షాపులో జరగదు, బయటి బోరింగ్ షాపుకు పంపుతారు. అయితే ముందుగా పిస్టన్ కొని, బ్లాకుతో పాటు దాన్ని కూడా పంపడం ఇక్కడి పద్ధతి. పిస్టన్‌కూ సిలిండరుకూ మధ్య ఉండవలసిన సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది కాబట్టి, చేతిలో ఉన్న పిస్టన్‌ను కొలిచి దానికి తగినట్టు బోరు కొట్టాలే గాని, ప్యాకెట్ మీది అంకెను నమ్మి కొట్టకూడదు. బ్లాకు తిరిగి వచ్చాక లోపలి గోడ మీద హోనింగు (బోరు కొట్టాక రాళ్లతో రుద్దే పని) గీతలు ఒకదానినొకటి ఏటవాలుగా కోసుకుంటూ ఉన్నాయా లేదా అని ఆయన వెలుతురుకు పట్టి చూశారు. ఆయిల్‌ను పట్టి ఉంచేవి ఆ గీతలే. అద్దంలా నున్నగా మెరిసే బోరు చూడడానికి బాగుంటుంది గాని రింగులు అందులో సరిగా కుదురుకోవు. రింగుల మీద గుర్తు ఉన్న ముఖం పైకి ఉండేలా, వాటి నోళ్లు ఒకే వరుసలోకి రాకుండా మూడు దిక్కులకు తిప్పి వేశారు. వాల్వులను పేస్టుతో రుద్ది, హెడ్డును తిరగేసి, పోర్టులో పెట్రోలు పోసి, వాల్వు అంచు నుంచి చుక్క కారకపోవడం చూపించారు. హెడ్డు బోల్టులను ఎంత బిగువు పడిందో చూపించే టార్కు రెంచితో బిగించడం ఇలాంటి రేకుల షెడ్డులో చూస్తానని నేను అనుకోలేదు.

సామాను విషయానికి వస్తే, మన మార్కెట్లో ఒకే వస్తువు మూడు పేర్లతో దొరుకుతుంది. ‘కంపెనీ’ అంటే బండి తయారీదారు పేరుతో వచ్చేది. ‘ఓఈఎం’ అంటే ఆ తయారీదారుకు సరఫరా చేసే సంస్థ తన సొంత పేరుతో అమ్మేది. ‘లోకల్’ అంటే మిగిలిన సమస్తం. నకలు డబ్బాల్లో వచ్చే ‘డూప్లికేట్’ అన్నది నాలుగోది గాని, దాన్ని ఎవరూ ఆ పేరు పెట్టి అమ్మరు. పిస్టన్, రింగులు, టైమింగ్ చైన్ల విషయంలో ఉస్తాద్ లోకల్‌కు ఒప్పుకోరు; ఫుట్‌రెస్టు రబ్బర్లు, అద్దాలు, ఇండికేటర్ల వంటివాటికి లోకల్ చాలంటారు. నాకు ఈ విభజన సరైనదిగానే కనిపించింది. కొన్న ప్రతి ప్యాకెట్ ఖాళీ డబ్బాను బిల్లుతో పాటు ఇస్తారు. దాని మీది గరిష్ఠ చిల్లర ధరను, అచ్చయిన నెలను చూసుకోవడం కస్టమరు పని. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహనాల విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, అంతకుముందు అచ్చయిన ధరతో పాత నిల్వ అంటగడితే అడగవలసిందే. నా పాత పిస్టన్, రింగులు, వాల్వ్ సీళ్లు, గాస్కెట్లు అన్నీ ఒక సంచిలో వేసి ఇచ్చారు. బిల్లు ముద్రించినది కాదు, రూళ్ల నోటుబుక్కు కాగితం. అయితే అందులో ‘ఇంజన్ పని’ అన్న మాట ఎక్కడా లేదు. బోరింగు ఇంత, పిస్టన్ కిట్టు ఇంత, వాల్వులు రుద్దినందుకు ఇంత, ఆయిల్ ఇంత, మజూరీ ఇంత అని విడివిడిగా ఉంది. పెట్రోలు పైపు, ఫ్లోటు గిన్నె రబ్బరు మార్చిన సంగతి కూడా వేరుగా రాశారు. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నందున పాత బండ్ల రబ్బరు భాగాలను కనిపెట్టుకొని ఉండాలని ఆయన చెప్పిన మాట పొదుపైన సలహా.

కొత్త పిస్టన్ వేసిన బండిని మొదటి 500 కిలోమీటర్లు గంటకు 40 దాటించవద్దనీ, డబుల్స్‌తో ఎత్తులు ఎక్కించవద్దనీ, ఒకే వేగంతో చాలాసేపు నడపవద్దనీ చెప్పి పంపారు. ఆ దూరం అయ్యాక ఆయిల్ మార్చడానికి మజూరీ తీసుకోలేదు, ఆయిల్ డబ్బు మాత్రమే తీసుకున్నారు. పొగ పూర్తిగా ఆగింది. కాజీపేట వంతెన మీద ఇప్పుడు మూడో గేరులోకి దిగవలసిన అవసరం రావడం లేదు. మైలేజీని ఆయన చెప్పిన పద్ధతిలోనే చూసుకున్నాను: రిజర్వు పడ్డచోట ఒక లీటరు పోయించి, మళ్లీ రిజర్వు పడేదాకా మీటరులో తిరిగిన దూరం రాసుకోవడం. పంపులో ట్యాంకు నింపించి అంచనా వేసేదానికన్నా ఇది నమ్మదగినది. మైలేజీ మెరుగుపడింది. కొత్త బండి అంత వస్తుందని ఆశించేవారు మాత్రం ఏ ఇంజన్ పని చేయించినా నిరాశపడతారు. టాపెట్ల దగ్గర సన్నని టకటక ఇంకా ఉంది. సందు మరీ బిగిస్తే వేడెక్కినప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదనీ, కాబట్టి కొద్దిగా చప్పుడు ఉండడమే మేలనీ ఆయన అన్నారు. అందులో నిజం ఉంది, అయినా ఆ చప్పుడు నా చెవికి ఇంకా అలవాటు కాలేదు.

షాపులో కాసేపు కూర్చుంటే వరంగల్ మోటారు భాష మొత్తం వినిపిస్తుంది. రైతులు మిర్చి మార్కెట్‌కు వచ్చి, పని అయ్యేలోపు బండిని వదిలి, ‘చైను కొడ్తున్నది, జర చూడు’ అని చెప్పి పోతారు. పాత స్కూటర్లు తెచ్చేవారు ‘స్టెప్నీ’, ‘డిక్కీ’ అంటారు. ఈ స్టెప్నీ అన్నది వేల్స్ దేశంలోని లానెల్లి పట్టణంలో ఒక వీధి పేరు. 1904 ప్రాంతంలో అక్కడ అదనపు చక్రాలు తయారుచేసిన సంస్థ నుంచి మన దాకా వచ్చి నిలిచిపోయింది. కాలేజీ కుర్రాళ్లు వచ్చి సైలెన్సర్ మార్చమని అడుగుతారు. ఉస్తాద్ ఆ పని చేయరు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం, హద్దు మించిన శబ్దానికి 190వ సెక్షన్ కింద జరిమానా పదివేల దాకా ఉంటుంది. ఆయన సెక్షన్ల జోలికి పోకుండా ‘చలాన్ నీకు, బద్నాం నాకు’ అని తేల్చేస్తారు. ఒక కుర్రాడు రేసింగ్ బండిలా మోత రావాలని పట్టుబట్టినప్పుడు నాకు 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పోటీ గుర్తొచ్చింది. 2.83 కిలోమీటర్ల ట్రాక్ మీద ఫ్రాన్స్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచిన ఆ రేసులో పరుగెత్తిన కార్లన్నీ విద్యుత్తువే, వాటిలో ఒక్కదానికీ సైలెన్సర్ లేదు.

లోపాలు లేకపోలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వాటిలో సెన్సరు లోపాలను చదివే స్కానరు ఈ షాపులో లేదు. మీటరులో ఇంజన్ దీపం వెలిగిన బండి తెస్తే ఆయన షోరూముకే పొమ్మంటారు. నిజాయితీగా చెప్పడం మెచ్చుకోదగినదే అయినా, 2020 తర్వాత బండి కొన్నవారికి ఈ షాపు ఆయిల్, చైను, బ్రేకుల పనికి తప్ప పనికిరాదు. చెప్పిన రోజుకు బండి చేతికి రావడం కూడా అరుదు. బోరింగ్ షాపు ఆలస్యం చేసిందని ఒకసారి, గాస్కెట్ దొరకలేదని ఒకసారి వాయిదా పడింది. ఫోను ఎత్తరు, ఎత్తితే ‘రేపు రాండ్రి’ తప్ప వేరే మాట ఉండదు. రోజూ బండి మీదే ఉద్యోగానికి పోవలసినవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. కూర్చోవడానికి ఒక పాత కారు సీటు ఉంది, దాని మీద ఎండ నేరుగా పడుతుంది. మహిళలు ఒంటరిగా వచ్చి వేచి ఉండడానికి ఆ చోటు అనువుగా లేదు. పని చేస్తున్న యువకులలో ఒకరికి విప్పిన బోల్టులను వరుసగా పెట్టే అలవాటు ఇంకా రాలేదు, ఉస్తాద్ కంటపడితే కేకలు వేస్తారు గాని కస్టమరు కూడా ఓ కన్ను వేసి ఉండడం మంచిది.

మజూరీ విషయంలో ఈ షాపు చవకైనది కాదు. పోచమ్మ మైదాన్ వైపు ఇంతకన్నా తక్కువకు హాఫ్ ఇంజన్ చేసేవారు దొరుకుతారు. ఇక్కడ తీసుకునే అదనపు డబ్బు కొలతలకు, పాత సామాను తిరిగి చూపించడానికి, విడివిడిగా రాసిన బిల్లుకు అయ్యేదని భావిస్తే న్యాయంగానే ఉంది. యూపీఐ ద్వారా చెల్లించవచ్చు. సామాను కొనేముందు సగం డబ్బు అడుగుతారు. శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది. మిర్చి సీజన్‌లో మార్కెట్ దారంతా బస్తాల బండ్లతో నిండిపోయి, ఘాటుకు తుమ్ములు, దగ్గు తప్పవు గనుక ఇంజన్ విప్పవలసిన పని ఉన్నవారు ఆ నెలలు దాటాక, పొద్దున పది గంటలలోపు, రిజిస్ట్రేషన్ కార్డు నకలు వెంట పెట్టుకొని వెళ్లడం మేలు. ఆ నకలు ఇవ్వనిదే ఆయన ఇంజన్ విప్పరు.